మొద్దు అనేస్తే ఖర్చేముంది!

మూడో తరగతి పిల్లాడు. 'పక్క' అని ఉన్నచోట 'పక' అని చదువుతాడు. 'మామ'ను 'మమ' అని రాస్తాడు. బోర్డు మీదది సగం ఎత్తిరాసేలోపే టీచర్ తుడిచేస్తుంది. అదే పిల్లాడు నిన్న విన్న కథను ఇవాళ పొల్లుపోకుండా చెబుతాడు. కొట్టుకు పంపితే చిల్లర నోటిలెక్కతో తేల్చుకుని వస్తాడు. ఈ రెండూ ఒకే బుర్రలో ఎలా ఉన్నాయని ఎవరైనా ఆగి ఆలోచించారా? లేదు. టీచర్ 'మొద్దు' అంది. తండ్రి 'ఒళ్ళు బద్ధకం' అన్నాడు. తాత 'మా వంశంలో ఇలాంటివాడు పుట్టలేదు' అన్నాడు.

పుట్టే ఉంటాడు తాతగారూ. చదవడంలో వచ్చే ఈ చిక్కు, డిస్లెక్సియా, చాలా కుటుంబాల్లో తరం నుంచి తరానికి వస్తుంది. మీ ఇంట్లోనూ ఒకడు పుట్టి ఉంటాడు. నాలుగు తన్ని, బడి మాన్పించి, పశువుల వెంట పంపి, ఆ తర్వాత మరిచిపోయి ఉంటారు.

ఇది ఈమధ్య పుట్టుకొచ్చిన వింతేం కాదు. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లండు డాక్టరు ఇలాంటి పద్నాలుగేళ్ళ కుర్రాడి గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. కుర్రాడు తెలివైనవాడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు, చదవడం మాత్రం రాదు. చదువంతా నోటితోనే సాగితే బడిలో వీడే అందరికన్నా చురుకైనవాడు అవుతాడని అతని మాస్టారే అన్నాడట. దాదాపు 130 ఏళ్ళ కిందటి మాస్టారికి కనిపించింది, ట్రైనింగుల మీద ట్రైనింగులు పొందిన మనకు కనిపించదు!

ఎలా కనిపిస్తుంది? మన తరగతి గదిలో చదువంటే కోరస్. 'క కా కి కీ' అని రాగం తీసి అప్పజెప్పడానికి అక్షరం చూడక్కర్లేదు, చెవి ఉంటే చాలు. వరస తప్పించి మధ్యలో 'కీ' మీద వేలు పెట్టి అడగండి, తెల్లమొహం వేస్తాడు. అడిగేదెవరు? ముందు బెంచీ వాళ్ళు పాఠం చదువుతుంటే వెనక బెంచీలో పెదాలు కదిపి గడిపేస్తాడు. నోట్సు పక్కవాడిది చూసి దింపుతాడు. అల్లరి చేయడు కాబట్టి ఎవరికీ పట్టడు. ఇంగ్లీషు మీడియం వచ్చాక చెప్పుకోవడానికి ఇంకో సాకు దొరికింది: 'భాష కొత్త కదండీ, మెల్లగా అలవాటవుతుంది.' మరి తెలుగులోనైనా చదవగలుగుతున్నాడా? చదివించి చూస్తే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. చూడరు. ఏడో తరగతికి వాడు 'సీ సెక్షన్'. తొమ్మిదికొచ్చేసరికి 'మీవాడు మా రిజల్టు చెడగొడతాడు, టీసీ తీసుకెళ్ళండమ్మా'.

చట్టం లేదా అంటే, ఉంది. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016 చట్టం ఆ జాబితాను 21కి పెంచి, నేర్చుకోవడంలో వచ్చే ఇబ్బందులను అందులో చేర్చింది. ఎనిమిదేళ్ళ వయసు నుంచే పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వొచ్చని 2018లో కేంద్రం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. ఎనిమిదేళ్ళంటే మూడో తరగతి. మరి అక్షరాలతో కుస్తీ పడుతున్న పిల్లాడి తల్లికి ఈ మాట చెప్పిన బడి మీ ఊళ్ళో ఉందా? పిల్లల్ని కొట్టకూడదని, వాళ్ళ మనసు గాయపరచకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో ఉంది. గోడకుర్చీలు ఆగాయా? 'నువ్వు దేనికీ పనికిరావు' అని నలభైమంది ముందు అనడం ఆగిందా?

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు చొప్పున స్పెషల్ టీచర్లు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో తేల్చి చెప్పింది. తెలంగాణలో 2024 డీఎస్సీకి ఇచ్చిన 11,062 పోస్టుల్లో స్పెషల్ ఎడ్యుకేషన్ పోస్టులు 1,016. ప్రభుత్వ బడులేమో 20 వేలకు పైనే! పైగా చూపు లేని, వినికిడి లేని, బుద్ధి ఎదగని పిల్లలందరికీ కలిపి ఆ టీచర్లే. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ భవిత కేంద్రాలున్నాయి. నడవలేని పిల్లాడిని, మాట రాని పిల్లను చూసుకోవడానికే అక్కడివాళ్ళకు పొద్దు చాలదు. పైకి నిక్షేపంలా కనిపించే మన మూడో తరగతివాడిని అక్కడి దాకా పంపేదెవరు?

డబ్బున్న ఇళ్ళలోనైనా పరిస్థితి బాగుందా? అక్కడ ఇంకో దగా. పిల్లల వేలిముద్రలు తీసుకుని, ఎవరికి ఏ తెలివి ఎంత శాతం ఉందో, పెద్దయ్యాక ఏమవుతారో రంగుల రిపోర్టు చేతిలో పెట్టే పరీక్ష ఒకటి వచ్చింది. డీఎంఐటీ అంటారు. దానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. అయినా వేలు పోసి చేయిస్తారు. పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో తీరుగా నేర్చుకుంటారన్న మంచి మాటను పట్టుకుని జాతకం చేసి అమ్ముతుంటే, చదువుకున్న తల్లిదండ్రులే వరసలో నిలబడి కొంటున్నారు. పిల్లాడి వేళ్ళను పరీక్ష చేయించిన తండ్రి, అవే వేళ్ళు పేజీ మీద ఏ అక్షరం దగ్గర ఆగిపోతున్నాయో ఒక్క సాయంత్రం పక్కన కూర్చుని చూడడు.

2007లో ఇలాంటి పిల్లాడి కథతోనే 'తారే జమీన్ పర్' సినిమా వచ్చింది. హాల్లో కర్చీఫ్‌లు తడిసిపోయాయి. ఇంటికెళ్ళి, మర్నాడు పొద్దున్నే, 'పక్కింటివాడికి ఎన్నొచ్చాయిరా?' అని అడిగారు. ఆ రోజు మూడో తరగతిలో ఉన్న పిల్లల్లో కొందరికి ఇప్పుడు పెళ్ళిళ్ళై పిల్లలున్నారు. ఏడ్చి చేతులు దులుపుకోవడం మనకు తేలిక. చూడటం కష్టం, చూస్తే పని పెరుగుతుంది. మొద్దు అనేస్తే ఖర్చేముంది? ఆ ఒక్క మాటతో బడి బాధ్యత, ఇంటి బాధ్యత, సర్కారు బాధ్యత మూడూ తీరిపోతాయి. తప్పంతా ఎనిమిదేళ్ళ పిల్లాడి నెత్తిన పడుతుంది. వాడూ నమ్ముతాడు, అదీ ఘోరం. కొన్నాళ్ళకు ఎవరూ తిట్టక్కర్లేదు, 'నాకు రాదులెండి' అని వాడే అంటాడు.

పోనీ దీనికి మందు లేదా అంటే, మందుల పనే లేదు. శబ్దాన్నీ అక్షరాన్నీ ఒక్కొక్కటిగా జతపరుస్తూ, వినిపిస్తూ, పలికిస్తూ, ఇసుకలో వేలితో రాయిస్తూ, ఒత్తునూ దీర్ఘాన్నీ విడదీసి చూపిస్తూ, విసుగు లేకుండా మళ్ళీమళ్ళీ చెప్పాలి. చిన్న వయసులో మొదలుపెడితే చాలామంది దారిలో పడతారు. ఆలస్యమైనకొద్దీ కష్టం పెరుగుతుంది. అంటే మనం పోగొడుతున్న ఒక్కో ఏడూ ఆ పిల్లాడి సొత్తు.

ఒకే టీచరు అయిదు తరగతులూ చెప్పే బడిలో ఆ టీచరును తిట్టి లాభం లేదు. రికార్డులు, యాప్‌లు, ఫొటోలు అప్‌లోడ్ చేయడాలతో ఆమెకు పిల్లల మొహం చూసే తీరిక లేకుండా చేసినవాళ్ళు పైనున్నారు. వాళ్ళను అడుగుతున్నాను. మూడో తరగతిలో ఒక్కో పిల్లను, పిల్లాడిని విడిగా కూర్చోబెట్టుకుని, తెలియని పేజీ తెరిచి, పది నిమిషాలు చదివించండి. నలభైమంది తరగతికి 400 నిమిషాలు, ఏడు గంటల లోపు. అధికారి తనిఖీకి వస్తున్నాడంటే గోడలకు చార్టులు అంటించడానికి రోజులు దొరుకుతాయి. యాన్యువల్ డే డ్యాన్సులకు వారాలు దొరుకుతాయి. మార్చిలో పదో తరగతి రిజల్టు కోసం పొద్దున్నా రాత్రీ స్పెషల్ క్లాసులకు నెలలు దొరుకుతాయి. ఈ ఏడు గంటలే దొరకవా? దొరకవంటే ఆ మాట ఒప్పుకుని బడి గేటు మీద రాయించండి, చదవగలిగిన పిల్లలకే ఇక్కడ చదువు చెప్పబడునని.