గృహాలంకరణమున స్వదేశి

పసుపు బాగుగ పండి ధర పలికిన యేట రైతు మొదట తలపెట్టునది ఇల్లు. గల్ఫు దేశములకు పోయి పది పదునైదేండ్లు ఎండలో కష్టించి తిరిగివచ్చినవాడు మొదట తలపెట్టునదియు ఇల్లే. మెట్‌పల్లి పట్టణమునను, కోరుట్ల దారి పొడవునను, చుట్టుపట్ల గ్రామములందును లేచుచున్న క్రొత్త మేడలను చూచి సంతోషింపని వారెవరు? పూరిపాకలో పుట్టినవాడు పుణ్యవశమునను, స్వకష్టమునను మేడ కట్టుకొనుట దేశమునకు శుభసూచకమే.

అయితే గడప దాటి లోపలికి పోయినచో ఒక సందేహము పుట్టుచున్నది. ఏ యింట చూచినను అదే ఫాల్సు సీలింగు, దానినుండి వ్రేలాడు అవే గాజు దీపములు, గోడకు అంటించిన అదే రంగుకాగితము, మూలలయందు అవే ప్లాస్టిక్ పూలు. ఇల్లెవరిదో వాకిటి రాతిపై చెక్కిన పేరు చూచి తెలిసికొనవలసినదే కాని, లోపలి వస్తువులను చూచి తెలిసికొన వీలులేదు. సూరతులో నున్నను, సింగపూరులో నున్నను ఆ గది ఆ గదియే. లక్షలు వ్యయించి కట్టిన యీ గోడల నడుమ మెట్‌పల్లి ఎక్కడ నున్నది?

మేము వైభవమునకు విరోధులము కాము. కలిగినవాడు సొగసుగ బ్రతుకుట పాపమనెడి వైరాగ్యబోధ మాకు సమ్మతము కాదు. మా వాదమంతయు ఒక్కటే: సొగసు కొనితెచ్చు వస్తువు కాదు, కూడి చేయు వస్తువు. ఊహించువాడు, చేతితో చేయువాడు, ఆ యింట వసించువాడు అను మువ్వురి మనసులు ఒకచో కలిసినప్పుడే గృహాలంకరణము కళ యనిపించుకొనును. ఈ మువ్వురిలో ఒకని తొలగించినచో మిగులునది సరకు మాత్రమే.

మన పెద్దలకు ఈ రహస్యము తెలియనిది కాదు. ఈ ప్రాంతపు పాత భవంతుల నడిమి వాకిలియందు నిలుచుండి ఒక్కసారి పైకి చూడుడు. గోదావరి కావలి అడవుల టేకు దూలములు, చెక్కడపు కంబములు, చిలుకలు చెక్కిన దర్వాజ కనిపించును. ఆ వడ్రంగి ఏ పుస్తకములోని బొమ్మను చూచియు పని మొదలుపెట్టలేదు. ఇంట ఎందరు జనమో, దేవుని అర్ర ఏ దిక్కుననో, పసుపు రాశి ఎక్కడ పోయుదురో, ఎండ ఏ వేళ ఎంతదూరము లోనికి వచ్చునో అడిగి తెలిసికొని ఉలి పట్టెను. గృహిణి ఎర్రమన్ను అలికి, సున్నపు ముగ్గు వేసి ఆ పనిని ముగించెను. ఆ సహకారమునకు అగ్రిమెంటు లేదు, పేరు లేదు. కాని ఆ యిల్లు నూరేండ్ల తరువాతను తనవారి కథ తాను చెప్పుచున్నది.

ఇక మన కళ పరుల యిండ్లనే అలంకరించిన చరిత్రను స్మరింతము. పదునేడవ శతాబ్దమున మచిలీపట్టణపు రేవునుండి ఓడలకెక్కిన కలంకారీ దుప్పట్లు ఐరోపా ప్రభువుల పాన్పులకు తెరలైనవి, గోడలకు అలంకారములైనవి. అటనుండి వర్తకులు తమవారి అభిరుచిని తెలుపు మచ్చులు పంపగా, మన అద్దకపువారు వానిని తమ చేతివాటమునకు తిప్పికొని, చెట్లను, పూవులను, పక్షులను క్రొత్తరీతిగ చిత్రించిరి. అదియు ఒక సహకారమే. దాని బలమెంతటిదో ఆ దేశముల శాసనములే సాక్ష్యమిచ్చుచున్నవి. మన అద్దకపు వస్త్రములను ఫ్రాన్సు 1686లో నిషేధించినది. ఇంగ్లండు 1700లో ఒక శాసనమును, చాలక 1721లో మరియొకదానిని చేసి, కట్టుబట్టగనే కాక పాన్పులకు, కుర్చీలకు, తలగడలకు, కిటికీ తెరలకు సైతము ఆ బట్టను వాడరాదని కట్టడి చేసినది. తెలుగువాని కలమునకు వెరచి పార్లమెంటు చట్టము చేసిన దినములుండెను. నేడు తెలుగువాడే తన కిటికీకి పరదేశపు మర తెరను కట్టుకొనుచున్నాడు. అందుకు ఏ శాసనమును అక్కరలేకపోయినది.

ఆ యింగ్లండులోనే యంత్రపు సరకుతో విసిగి విలియం మారిస్ అను కవి 1861లో చిత్రకారులను, వాస్తుశిల్పిని జతచేసికొని గృహాలంకరణ వస్తువుల కర్మాగారమును స్థాపించెను. నేత, అద్దకము మున్నగు పనులను ఆతడు స్వయముగ నేర్చెను. చేయి పనిచేయనిదే ఊహ పండదని ఆతని విశ్వాసము.

మన దేశమున ఇంతకంటె ఉజ్జ్వలమైన దృష్టాంతము కలదు. 1936 డిసెంబరులో ఫైజ్‌పూరు గ్రామమున కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు, 1938 ఫిబ్రవరిలో హరిపురమున జరిగినప్పుడు, సభానగరములను అలంకరించు భారమును మహాత్ముడు శాంతినికేతనపు చిత్రకారుడు నందలాల్ బోసునకు అప్పగించెను. గాంధీజీ విధించిన నియమము ఒక్కటే: గ్రామమున దొరకు వస్తువులతో, గ్రామస్థుల చేతులతో పని జరుగవలెను. వెదురు, తడికె, మట్టి, చేతికాగితము, నాటు రంగులు, ఇవియే సామగ్రి. హరిపురమునకై నందలాల్ వ్రాసిన చిత్రములలో దేవతలకంటె కుమ్మరి, దూదేకుల వాడు, డోలు వాయించువాడు, వంటచేయు స్త్రీ ముఖ్యులు. నియమమెంత కఠినమో సొగసు అంత గొప్పదైనది. బీదరికము సొగసునకు అడ్డు కాదనియు, ధనము సొగసునకు పూచీ కాదనియు ఆ వెదురు ద్వారములు లోకమునకు చాటినవి.

మెట్‌పల్లి వారికి ఈ పాఠము దూరము పోయి నేర్వవలసిన పని లేదు. ఈ ఊరి పేరు చెప్పగనే తెలంగాణమున ఎవరికైనను స్ఫురించునది ఖాదీ. చేత వడికిన నూలులో సన్నము దొడ్డు కలిసియుండును. ఆ హెచ్చుతగ్గులే కిటికీ తెరపై ఎండ పడినప్పుడు వెలుగును నీడను జల్లెడ పట్టినట్లు చేయును. మరనూలుకు ఆ గుణము రాదు. గోదావరి దాటిన నిర్మలలో నకాషీ పనివారు తేలికయైన పొనికి కర్రను చెక్కి, చింతగింజల ముద్దతో అతికి, రంగులు తీర్చి బొమ్మలు చేయుదురు. నల్లని తలముపై బంగారు వన్నెతో చిత్రములు వ్రాయుదురు. గత శతాబ్దిలో లేడీ హైదరీ ఆ చిత్రకారులను హైదరాబాదునకు రప్పించి ఆదరించుటచేతనే ఆ కళకు క్రొత్త ఊపిరి వచ్చినది. కరీంనగరమున వెండి తీగను వెండ్రుకవలె సాగదీసి, మెలివెట్టి, అల్లి తట్టలను, పాన్‌దానులను చేయుదురు. ఆదిలాబాదు మన్యమున ఉషేగాం ఓఝాలు మైనపు అచ్చుపై మట్టి పూసి, మైనము కరగించి, ఆ తావున కంచు పోసి బొమ్మలు తీయుదురు. దినమొక్కటిలో పోయి రాగల దూరమున ఇన్ని చేతులుండగా మనము సూచీపత్రములు తిరుగవేయుట ఎందులకు?

ఇందుకు ప్రత్యుత్తరములు మాకు తెలియును. వెల హెచ్చని ఒకరు, వేళకు అందదని ఒకరు, ఎప్పుడు చూచినను అవే నమూనాలని మరియొకరు అందురు. మొదటిది సగము నిజము. పదేండ్లకు పెచ్చులూడు సరకును రెండుమార్లు కొన్నవాడే నిజమైన లెక్క వేయగలడు. రెండవది నిజమే, చేతిపనికి కాలము కావలెను. గృహప్రవేశమునకు పది దినముల ముందు కాక, పునాది వేయునాడే పనివానిని పిలువవలెను. మూడవ ఆక్షేపణ పనివానిపై కాదు, మనపైననే పడుచున్నది. అడుగువాడు లేక ఆతడు తాతనాటి లేడిని, నెమలిని వ్రాయుచున్నాడు. నీ గోడ ఎంత, నీ గదికి వెలుగెంత, నీకు ప్రియమైనదేమి అని చెప్పువాడు వచ్చిననాడు ఆతని చేయియు క్రొత్త దారి త్రొక్కును.

ఖాదీ సంస్థలకును ఒక మాట. ధోవతులు, తువాళ్లు నేసినంత మాత్రమున నేటి ఇల్లు నిండదు. తెరలకు వెడల్పు పన్నా, ఉదుకునకు నిలుచు రంగులు, పాన్పులకు తగిన దిట్టమైన నేత కావలెను. కొనువాని దేశభక్తిపై ఎల్లకాలము భారము వేయరాదు. పొనికి చెట్టు అరుదగుచున్న సంగతిని అడవి శాఖవారు గమనించి నాటింపనిచో నిర్మల బొమ్మ పేరొక్కటియే మిగులును.

కర్తవ్యము కష్టమైనది కాదు. క్రొత్త ఇల్లు కట్టువాడు అలంకరణకై తీసిన సొమ్ములో పదవ వంతును ఈ చేతులకు కేటాయించుగాక. పనివానిని ఇంటికి పిలిచి, కూర్చుండబెట్టి, గోడ చూపి మాటాడుగాక. పని ముగిసిన పిమ్మట ఆతని పేరును ఒక మూల చెక్కించుగాక. కట్టినవాని పేరు వాకిట నుండగా చేసినవాని పేరు లోపల నుండుట న్యాయమే గదా. పురపాలక సంఘ కార్యాలయము, పాఠశాలలు, పెండ్లిమండపములు ముందు నడచినచో ప్రజలు వెనుక నడుతురు.

ఒకనాడు మన బట్ట పరుల మేడలకెక్కి వారిని చట్టములు చేయునంత కలవరపెట్టినది. నేడు దానిని మన యింటికి రానీయకుండ అడ్డగించుచున్నది ఏ పార్లమెంటును కాదు, మన యుదాసీనతయే. ఆ యడ్డు తొలగించుట మన చేతిలోని పని.