గోదావరిపై కుటుంబ విహారము

సెలవులలో కుటుంబసమేతముగా పాపికొండలకు లాంచీ ప్రయాణము చేయవలెనని కోరువారు మనలో అనేకులు కలరు. కోరిక మంచిదే. అయితే మనము టిక్కెట్టు ధర విచారింతుము, భోజనము సంగతి అడుగుదుము. నది సంగతి మాత్రము అడుగము. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదమీదనుండగా, కచ్చులూరు వద్ద విహారనౌక మునిగి ఎన్నో కుటుంబములు ఛిన్నాభిన్నమైనవి. ఆ దుఃఖమునుండి మనము నేర్వవలసిన పాఠము కలదు.

వర్షాకాలమును విడిచి, నది నెమ్మదించిన శీతకాలమున తేదీ నిర్ణయించుకొనుట మొదటి పని. పరిమితికి మించి జనమున్న లాంచీ ఎక్కరాదు. లైఫ్ జాకెట్టును ప్రక్కన పెట్టి కూర్చొనుట మన అలవాటు. అది ఎక్కినది మొదలు దిగువరకు ఒంటిమీదనే ఉండవలెను. పసివారి కొలతకు తగినవి ఉన్నవో లేవో టిక్కెట్టు కొనుటకు ముందే అడుగవలెను. వృద్ధుల మందులు చేతిసంచిలోనే ఉండవలెను. కొండల నడుమ మందుల దుకాణము దొరకదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి కలదు. రేవువద్ద సందేహము కలిగినచో, చెల్లించిన సొమ్ము పోయినను సరే, పిల్లలను తీసికొని వెనుదిరుగగల వారొకరు ప్రతి ఇంట ఉండవలెను. విద్యార్థులారా! ఆ మాట మీరు చెప్పినను, పెద్దలమైన మేము వినవలసినదే.