పేరు లేని పుస్తకము

పుస్తకము చేతికి వచ్చినతోడనే మనము ముందుగా చూచునది గ్రంథకర్త పేరు. అది ప్రసిద్ధమైనదైనచో చదువకమునుపే మెచ్చుకొందుము; పేరే లేనిచో శంకింతుము. తన పేరు చెప్పుకొనుటకు వెఱచువాని మాట మనకేల యని పెద్దలు కొందఱు పలుకుదురు. ఈ మాటలో సగమే సత్యమున్నదని నా యభిప్రాయము.

ఇంగ్లాండు దేశమున 1811వ సంవత్సరములో జేన్ ఆస్టెను తన మొదటి నవలను ప్రకటించినప్పుడు, అది యొక స్త్రీ వ్రాసినదని మాత్రమే ముఖపత్రమున నుండెను. 1817లో ఆమె మరణించువఱకును ఆమె నవలలలో నొక్కదానిపైనను ఆమె పేరు అచ్చుపడలేదు. 1846లో బ్రాంటీ సోదరీమణులు మువ్వురును, స్త్రీలవో పురుషులవో తేల్చి చెప్పరాని మాఱుపేళ్లతో తమ పద్యములను ప్రకటించిరి. స్త్రీలు వ్రాసినవన్నచో విమర్శకులు సరిగా తూచరని వారి భయము. ఆ మూడు పేళ్లును ఒక్కరివేయను ప్రవాదము పుట్టగా, 1848లో షార్లెటు, ఆన్ అను నిరువురు లండను నగరమునకు పోయి ప్రకాశకుని యెదుట నిలిచి నిజము తెలుపవలసివచ్చెను. వీరు పేరు దాచినది పిఱికితనముచేత కాదు. తమ వ్రాతను వ్రాతగానే చదువుడని కోరుటకే.

ఎడింబరోలో గ్రంథప్రకాశకుడుగా నుండిన రాబర్టు చేంబర్సు, లోకమును జీవరాసులును క్రమముగా పరిణమించినవని వాదించుచు 1844లో ఒక గ్రంథమును పేరు లేకయే వెలువరించెను. పేరు బయటపడినచో తన వ్యాపారమునకు చేటు మూడునని ఆయన యెఱుగును. గ్రంథకర్త యెవరా యని జనులు ఎందఱెందఱినో అనుమానించిరి. ఆయన 1871లో గతించెను. పుస్తకముపై ఆయన పేరు 1884లో గాని రాలేదు.

అయితే దీనికి రెండవ ప్రక్కయు కలదు. రాజు ప్రజలకు ఉత్తరవాది యనియు, తిరుగుబాటు న్యాయమేయనియు చెప్పు నొక గ్రంథమును అచ్చువేయుచు, జాన్ ట్విన్ అను లండను ముద్రాపకుడు 1663లో పట్టుపడెను. వ్రాసినవాని పేరు అతడు చెప్పలేదు. 1664లో అతనికి ఘోరమైన మరణదండన విధింపబడి, అమలు జరుపబడెను. వ్రాసినవాడు మఱుగున నుండెను. అచ్చువేసినవాడు ప్రాణములు కోల్పోయెను. పేరు దాచినంతమాత్రమున భారము మాయము కాదు. అది వేఱొకని తలపై పడునని దీనివలన తెలియుచున్నది.

మన దేశమున 1867లో చేయబడిన ముద్రణశాసనము, ప్రతి పుస్తకముపైనను ముద్రాపకుని పేరును, ప్రకాశకుని పేరును ఉండవలెనని విధించెను. గ్రంథకర్త పేరు తప్పక అచ్చువేయవలెనని విధింపలేదు. ఆ శాసనమును 2023 నాటి చట్టము రద్దుచేసినది. అయినను అందలి యొక న్యాయము గ్రహింపదగినది: వ్రాసినవాడు కనబడకపోవచ్చును గాని, ఆ వ్రాతకు జవాబు చెప్పువాడొకడు ఉండితీరవలెను.

కావున విద్యార్థులారా, పేరు లేని వ్రాత మీ కంటబడినప్పుడు ఈ ప్రశ్న వేసికొనుడు: ఇచ్చట పేరు దాచుటచే రక్షింపబడినదెవరు, నొచ్చినదెవరు? సిగ్గరియైన బాలిక తన పద్యమును పేరు లేక పంపినచో ఎవరికిని హాని లేదు. బలవంతుని యన్యాయమును బలహీనుడు పేరు చెప్పక వెల్లడించినచో అది క్షమింపదగినదే. తరగతి గోడపై తోటి బాలుని నిందించి పేరు వ్రాయకుండుట మాత్రము నీచము. ఆ బాలునికి బదులు చెప్పుటకైనను ఎదుట మనిషి లేడు.

మన సంచికయందు పేరు లేక వ్రాయగోరువారికి చోటు ఉండవలెనని నా మనవి. అయితే ఆ పేరు సంపాదకునికైనను తెలిసియుండవలెను. అప్పుడు వ్రాసినవారి బిడియమునకు మన్నన దొరకును. వ్రాతకు పూచీయు నిలుచును.