ఎదుటివాడి మేలు

మనం న్యాయం అడుగుతున్నాం. చిక్కబళ్ళాపురంలో, బాగేపల్లిలో, చింతామణిలో అడుగుతూనే ఉన్నాం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మా పిల్లలకు మా అక్షరాలు కావాలంటూ అర్జీలు పెట్టుకున్నాం. నేనూ సంతకం చేశాను. అడగడం తప్పని ఇప్పటికీ అనను. అడగడాన్నే న్యాయమనుకుంటే మాత్రం ఒప్పుకోలేను.

ప్లేటో 'రిపబ్లిక్'లో త్రాసిమాకస్ ఎగతాళి చేస్తాడు: న్యాయంగా బతికేవాడికి మిగిలేది నష్టమే, లాభమంతా ఎదుటివాడిదే, అందులోనూ బలమున్నవాడిదే అని. అరిస్టాటిల్ ఆ ఎగతాళి మాటనే తీసుకుని మెప్పుగా మార్చాడు. అవును, సద్గుణాలన్నిటిలో న్యాయమొక్కటే ఎదుటివాడి మేలు, దాని గొప్ప అదే అన్నాడు. సొంత వ్యవహారాల్లో మంచిగా ఉండడం చాలామందికి చేతనవుతుందట. ఇతరుల దగ్గరికొచ్చేసరికే చేతగాదట.

ఆ కొలతతో మనల్ని కొలుచుకుందామా? 2000 మార్చి 11న చింతామణి తాలూకా కంబాలపల్లిలో ఏడుగురు దళితుల్ని సజీవంగా తగలబెట్టారు. అప్పుడది కోలారు జిల్లా. సాక్షులు అడ్డం తిరిగారు. 2006లో కోర్టు నిందితులందరినీ విడిచిపెట్టింది. 2014లో హైకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. చచ్చినవాళ్ళు ఏడుగురు, చంపినవాడు కాగితంలో లేడు. సాక్షులదే తప్పంటారా? రేపు కూలికి ఎవరి చేనికి పోవాలో తెలిసినవాడు బోనెక్కి ఏం చెబుతాడు?

"అది కులాల గొడవ, భాషా పత్రికలో ఎందుకు?" అన్నాడొక మిత్రుడు. ఆ చుట్టుపట్ల ఇళ్ళలో మాట తెలుగే కదా. మంటల్లోంచి వచ్చే కేకలు ఏ భాషలో ఉంటాయి స్వామీ?

అరిస్టాటిల్‌నూ ఊరికే వదలను. బానిస యజమానిలో ఒక భాగం లాంటివాడు, తనకు తాను ఎవడూ అన్యాయం చేసుకోడు, కనక బానిస పట్ల అసలైన అన్యాయమే ఉండదని వాదించిందీ ఆయనే. మన పల్లెల్లో "మా జీతగాడు మా ఇంటి మనిషే" అనడంలో ఉన్న తర్కమూ ఇదే. ఇంటి మనిషే అయితే పంక్తిలో పక్కన ఎందుకు కూర్చోబెట్టరు? ఎదుటివాడని ఒప్పుకోరు, కలుపుకోనూ కలుపుకోరు. ఒప్పుకుంటే బాకీ పడాలి మరి.

మన సంఘాలదీ ఇదే వరస. ఇక్కడ తెలుగువాళ్ళెంతమందో లెక్క చెప్పాల్సి వస్తే దళితవాడ మొత్తం మనదే. ఆ తలలన్నీ కలిపితేగాని మన సంఖ్య పెరగదు. వాడ తగలబడినప్పుడు మాత్రం అది వాళ్ళ గొడవ.

ఈసారి అర్జీ పట్టుకొచ్చేవాళ్ళకు ముందే చెబుతున్నా. దాంతోబాటు ఇంకో కాగితం తీసుకురండి: బోనెక్కే కూలివాడికి కాపుదల కావాలని, కంబాలపల్లి ఏడుగురికి జవాబు కావాలని రాసి ఉండాలి. రెండింటి మీదా సంతకం పెడతాను. ఒక్కటే తెస్తే, కాఫీ తాగి వెళ్ళండి.