గోడ మీద ర్యాంకులు కాదు, 14416 రాయండి

"ధైర్యంగా ఉండాలి" అనే మాట పదో తరగతి పిల్లలకు రోజూ వినిపిస్తుంది. ప్రార్థన అయినాక చెప్తారు, ప్రిపరేటరీ పరీక్షల ముందు చెప్తారు, ఇంట్లో చెప్తారు, పెళ్ళిలో కలిసిన చుట్టాలూ చెప్తారు. మంచి మాటే. కానీ ఆ ధైర్యం పిల్లలే తెచ్చుకోవాలి, అది అయిపోతే తప్పు పిల్లలదే అన్నట్టు చెప్పడం న్యాయం కాదు. పిల్లలకు ధైర్యం ఇవ్వాల్సింది బడి, ఇల్లు, ఊరు. ఒక చేత్తో ధైర్యం చెప్పి, ఇంకో చేత్తో దాన్ని లాక్కుంటే ఎట్లా?

ఎట్లా లాక్కుంటారో చెప్తాను. చాలా బళ్ళలో టెస్టు పేపర్లు ఇచ్చేటప్పుడు మార్కులు అందరికీ వినిపించేటట్టు చదువుతారు. తక్కువ వచ్చినోళ్ళను లేపి నిలబెడతారు. బాగా చదివేవాళ్ళకు ముందు బెంచీ, మిగిలినోళ్ళకు వెనక బెంచీ. గోడ మీద ర్యాంకుల పట్టీ. ఇంటికి పోతే పక్కింటివాళ్ళు "625కు ఎంత వస్తాయి?" అంటారే గాని "ఎట్లా ఉన్నావు?" అని అడగరు.

దీని వల్ల చదువు పెరుగుతుందా? భయపడే పిల్లవాడు లెక్క అర్థం కాకపోయినా చెయ్యి ఎత్తడు, అందరూ నవ్వుతారని. ప్రోగ్రెస్ కార్డు దాచిపెడతాడు. భయం నేర్పేది దాచుకోవడమే, చదవడం కాదు.

ఇది చిన్న విషయం కాదు. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022 ఒక్క సంవత్సరంలో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఏడాది పరీక్ష తప్పడం కారణమని నమోదైన మరణాలు 2,248. అంటే అన్నింటికీ మార్కులే కారణం కాదు. మార్కులు బాగా వస్తున్నాయి కాబట్టి ఆ పిల్ల బాగుంది అనుకోవడం కూడా పొరపాటే. మార్కుల పట్టీలో బాధ కనపడదు. అడిగితేనే తెలుస్తుంది.

విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ళ అమ్మాయి 2023లో చనిపోయింది. ఆమె తండ్రి న్యాయం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. ఆ కేసులో 2025 జులై 25న కోర్టు దేశంలోని అన్ని విద్యాసంస్థలకు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రభుత్వం చట్టం చేసేదాకా అవే పాటించాలి. 100 మంది, అంతకన్నా ఎక్కువ పిల్లలు ఉన్నచోట శిక్షణ పొందిన కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి. మార్కులను బట్టి పిల్లలను వేరువేరు బ్యాచులుగా విడగొట్టకూడదు. నలుగురిలో అవమానించకూడదు. ఉపాధ్యాయులకు, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. సహాయం చేసే ఫోన్ నంబర్లు పెద్ద అక్షరాలతో అందరికీ కనపడేచోట పెట్టాలి. వీటిలో కౌన్సెలర్‌కు, శిక్షణకు డబ్బు కావాలేమో. అవమానించకుండా ఉండడానికి ఎంత ఖర్చవుతుంది?

"పల్లెటూరి బడికి కౌన్సెలర్ యాడ నుంచి వస్తాడు?" అని అడిగేవాళ్ళు ఉంటారు. చిన్న బడి అయితే బయట ఉన్న నిపుణులతో సంబంధం పెట్టుకోవాలని కోర్టే చెప్పింది. పల్లెల్లో మానసిక వైద్యం సాధ్యమేనని దేశానికి చూపించింది మన రాష్ట్రమే. 1980లలో బెంగళూరు నిమ్హాన్స్ వాళ్ళు బళ్ళారి జిల్లాలో మామూలు ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకే శిక్షణ ఇచ్చి చేసి చూపించారు. తర్వాత అదే దేశమంతటికీ నమూనా అయింది.

ఇంకో మాట, మాలాంటి పిల్లల కోసం. మేము కన్నడ రాష్ట్రంలో ఉన్నాము, తెలుగులో చదువుకుంటున్నాము. ఆఫీసులో అర్జీ ఇవ్వడానికి కన్నడం వస్తుంది, పరీక్ష రాయడానికి కొంచెం ఇంగ్లీషు వస్తుంది. కానీ లోపలి బాధ నోటికి వచ్చేది తెలుగులోనే. చదువు తల్లిభాషలో కావాలని మన పెద్దలు ఈ బళ్ళు నిలబెట్టారు. కష్టం చెప్పుకోవడానికి కూడా అదే భాష కావాలి. వచ్చే కౌన్సెలర్‌కు తెలుగు రావాలని అడగడం మన హక్కు.

"మా కాలంలో ఇవన్నీ యాడుండె? మేము దెబ్బలు తిని చదవలేదా?" అంటారు పెద్దవాళ్ళు. గౌరవంతోనే జవాబు చెప్తాను. మీ కాలంలో బాధ లేక కాదు, చెప్పుకునే దారి లేక. దెబ్బలు తిని చదివినవాళ్ళు మాకు కథలు చెప్తున్నారు. దెబ్బలకు భయపడి బడి మానేసినవాళ్ళ కథ ఎవరు చెప్తారు? 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాదు, మనసును హింసించడాన్ని కూడా నిషేధించింది.

పరీక్ష తప్పితే జీవితమే అయిపోయిందన్నట్టు మాట్లాడేవాళ్ళకూ ఒక మాట. 2023-24లో మన కర్ణాటకలో ఎస్‌ఎస్‌ఎల్‌సీకి ఒకే సంవత్సరంలో మూడు పరీక్షలు పెట్టారు. ప్రభుత్వమే ఒకటికన్నా ఎక్కువ అవకాశాలు ఇస్తే, చుట్టాలు ఒక్కటి కూడా ఇవ్వరా?

అందుకే నేను అడిగేది ఇది. ఉపాధ్యాయులారా, మార్కులు ఎవరివి వాళ్ళకే చెప్పండి. వారానికి ఒక పీరియడ్, సిలబస్ పక్కన పెట్టి మా మాట వినండి. తల్లిదండ్రులారా, సాయంత్రం బడి నుంచి రాగానే మార్కులు అడగకముందు అన్నం తిన్నావా, ఎట్లా ఉన్నావు అని అడగండి. మిత్రులారా, ఎవరైనా మనతో మాట్లాడకుండా ఒంటరిగా కూర్చుంటే పక్కన కూర్చోండి. వాళ్ళు చెప్పింది ఎగతాళి చెయ్యకండి. "బతకాలని లేదు" లాంటి మాట వింటే, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నా సరే, వెంటనే నమ్మకమైన పెద్దవాళ్ళకు చెప్పండి. అది చాడీ కాదు, స్నేహం.

టెలిమానస్ నంబరు 14416. 2022 అక్టోబర్ 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు మొదలైంది. డబ్బు కట్టక్కరలేదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. పిల్లల సహాయానికి 1098 కూడా ఉంది. ర్యాంకుల పట్టీ ఉన్నచోట ఈ రెండు నంబర్లు పెద్దగా రాయించండి. సున్నం, రంగు మేమే తెస్తాము. గోడ మాత్రం మీరు ఇవ్వండి.

— పదో తరగతి విద్యార్థిని, రాయల్పాడు