తితిక్ష ఎవరికి విధి? – ప్రభాతశబ్దమూ అతిథిధర్మమూ

పరదేశంలో నివసించేవారికి భాష, భోజనం క్రమంగా అలవడతాయి. ప్రభాతకాల శబ్దం మాత్రం నిద్రలోనే వచ్చి తాకుతుంది. శబ్దం ఆకాశగుణమనీ, వీచీతరంగన్యాయంతో అల వెంట అలగా శ్రోత్రేంద్రియాన్ని చేరుతుందనీ న్యాయవైశేషికుల సిద్ధాంతం. కంటికి రెప్ప ఉన్నది, చెవికి లేదు.

శ్రీసత్యసాయి జిల్లాలో ఇది కేవలం శాస్త్రచర్చ కాదు. పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారానికి 2017లో ఒప్పందం కుదిరింది, 2019 డిసెంబరులో ప్రారంభోత్సవం జరిగింది. దానితోపాటు కొరియా దేశీయులు ఈ ప్రాంతంలో నివాసమేర్పరచుకొన్నారు. పెనుకొండలోనూ హిందూపురంలోనూ తెల్లవారకముందే కోడికూత, గుడిగంట, మైకులో సుప్రభాతం, అజాన్ వినవస్తాయి. ధర్మవరంలో వీటికి మగ్గం చప్పుడు, జంక్షన్ రైలుకూత తోడవుతాయి.

"నాలుగు రోజులుంటే వాళ్ళే అలవాటు పడతారు" అని మనం అంటూ ఉంటాం. ఇందులో కొంత సత్యముంది. శీతోష్ణాది స్పర్శలు వచ్చిపోయేవి కనుక సహింపుమని గీత ద్వితీయాధ్యాయం బోధిస్తుంది. శమదమాది షట్కసంపత్తిలో తితిక్ష ఒకటి. అర్థం తెలిసిన శబ్దం మీద ద్వేషం కూడా తగ్గుతుంది. మగ్గం చప్పుడు వెనుక ఒక పట్టుచీర, ఒక నేతకుటుంబపు అన్నం ఉన్నాయని గ్రహించిన అతిథికి ఆ చప్పుడు అంతగా బాధించదు.

కాని తితిక్ష సాధకుడు తనకు తాను విధించుకొనే నియమం. శబ్దం చేసేవాడు వినేవానికి తితిక్షను ఉపదేశించడం శాస్త్రాన్ని తలక్రిందులు చేయడమే. గృహస్థునికి విహితమైనది అతిథిసత్కారం, పరపీడావర్జనం. పైగా ఈ బాధ విదేశీయునిది మాత్రమే కాదు. రాత్రి షిఫ్టు ముగించి వచ్చిన మన పిల్లవానిది, జ్వరపీడితురాలైన పొరుగింటి అవ్వది కూడా.

బ్రాహ్మముహూర్తం పవిత్రం కదా అని ఆక్షేపం రావచ్చు. నిస్సందేహంగా పవిత్రమే. సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలుండే ఆ కాలం ధ్యానాధ్యయనాలకు ఉద్దిష్టం. దాని సంపద నిశ్శబ్దమే. విధియజ్ఞం కంటె జపయజ్ఞం పదిరెట్లు, ఉపాంశుజపం నూరురెట్లు, మానసజపం వేయిరెట్లు విశిష్టమని మనుస్మృతి నిర్ణయం. ధ్వని తగ్గినకొద్దీ ఫలం పెరుగుతున్నదని దీని తాత్పర్యం. సుప్రభాతం స్వామికి మేలుకొలుపు. సన్నిధిలో కంఠంతో పఠిస్తే చాలు. లౌడ్‌స్పీకరు ఏ ఆగమపూజకూ అంగం కాదు.

రాజశాసనమూ ఈ ధర్మానికి అనుకూలమే. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుండి ఉదయం 6 గంటల వరకు బహిరంగస్థలంలో లౌడ్‌స్పీకరు నిషిద్ధం. నివాసప్రాంతంలో రాత్రివేళ పరిమితి 45 డెసిబెళ్ళు. ఇది సర్వమతాలకూ సమానం. జర్మనీలోని మన పిల్లలు కూడా సాధారణంగా అవే గంటలలో నిశ్శబ్దనియమాన్ని పాటిస్తున్నారు. అక్కడ మనవారు పాటించే మర్యాదను ఇక్కడ మనం మరొకరికి నిరాకరించడం న్యాయమా?

కోడి కూయనీ, గంట మ్రోగనీ, మగ్గం ఆడనీ. ఆరు గంటల వరకు గుడి మీది మైకును మాత్రం ఆపుదాం. ఆలయ ధర్మకర్తలే ముందుగా ఈ నిర్ణయం గైకొంటే ఇతరులను అడిగే అర్హత కూడా మనకు సిద్ధిస్తుంది. అతిథి తన తితిక్షను తాను అభ్యసిస్తాడు. మన వంతు అహింసను మనం ఆచరించాలి.