సముద్ర గుర్రం ఇంటి అక్వేరియంకు తగునా?

అలంకరణ చేపల పెంపకం గ్రామీణ యువతకు, మహిళా సంఘాలకు ఉపాధి మార్గంగా విస్తరణ కార్యక్రమాల్లో చోటు సంపాదించుకొన్నది. గప్పీ, మోలీ వంటి మంచినీటి చేపలతో ప్రారంభించినవారు క్రమంగా సముద్ర చేపలపై ఆసక్తి చూపడం సహజమే. అయితే సముద్ర గుర్రం ప్రస్తావన వచ్చినప్పుడు, కష్టపడితే పెంచవచ్చునన్న సమాధానం సరిపోదు. దీని విషయంలో ఎలా పెంచాలన్నది రెండవ ప్రశ్న. ఎక్కడి నుండి వచ్చినదన్నదే మొదటి ప్రశ్న.

గుర్రపు తల, చుట్టుకొనే తోక, నిటారుగా ఈదే తీరు చూసి వేరే జీవి అనిపించినా, హిప్పోక్యాంపస్ ప్రజాతికి చెందిన ఇది నిజమైన చేపయే. దీనికి దంతాలు లేవు, జీర్ణాశయమూ లేదు. గొట్టం వంటి మూతితో సూక్ష్మ క్రస్టేషియన్లను పీల్చుకొంటుంది. తిన్నది త్వరగా పేగుల గుండా సాగిపోతుంది కనుక రోజుకు పలుమార్లు ఆహారం అందవలసినదే. ఈత బలహీనం కావడంతో చురుకైన చేపల మధ్య ఉంచితే మేత దక్కక కృశిస్తుంది. సహజ జలాల నుండి పట్టినవి నిర్జీవ ఆహారాన్ని తరచుగా ముట్టవు. అప్పుడే పొదిగిన ఆర్టీమియాను మాత్రమే ఇచ్చినా, అవసరమైన కొవ్వు ఆమ్లాల కొరత ఏర్పడుతుంది.

తొట్టె విషయానికి వస్తే, వ్యవసాయ విద్యార్థికి పరిచితమైన నత్రజని చక్రమే ఇక్కడా కీలకం. చేపల విసర్జన నుండి వెలువడే అమ్మోనియాను నేలలో వలెనే బాక్టీరియా మొదట నైట్రైట్‌గా, తరువాత నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ బాక్టీరియా తగినంతగా వృద్ధి చెందడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు ఆగకుండా చేపను విడవడం, దుక్కి సిద్ధం కాని నేలలో విత్తనం చల్లడం వంటిదే. పైగా తరచుగా వేసే మేతలో మిగిలినది కుళ్లి నీటిని చెడగొడుతుంది. నీరు వేడెక్కితే బాక్టీరియా వ్యాధులు తీవ్రమవుతాయి. మన వేసవిలో ఇంటి తొట్టెను చల్లగా నిలుపుకోవడం వ్యయంతో కూడిన పని.

ఈ ఇబ్బందులన్నీ అధిగమించినా అసలు అడ్డంకి తొలగదు. సముద్ర గుర్రాలను 2001లో మన దేశం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో చేర్చింది. వాటిని పట్టడం, అమ్మడం నేరం. అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందపు రెండవ అనుబంధంలోనూ అవి ఉన్నాయి; ఆ నియంత్రణ 2004 నుండి అమలులో ఉన్నది. ఈ కట్టడికి కారణం స్పష్టం. సంప్రదాయ ఔషధాల కోసం ఎండబెట్టిన సముద్ర గుర్రాల వ్యాపారం, ట్రాల్ వలల్లో ఇతర చేపలతో పాటు చిక్కుకోవడం, సముద్రగడ్డి మైదానాల క్షీణత వాటిని దెబ్బతీస్తున్నాయి. మగ చేప సంచిలో గుడ్లను మోసి పిల్లలను విడుదల చేసే ఈ జాతుల్లో అనేకం తమ చిన్న పరిధిని విడిచి దూరం పోవు. ఒకచోట తరిగిన సంతతి మళ్లీ నిండడం సులభం కాదు.

సంరక్షణ కేంద్రాల్లో పుట్టినవాటిని పెంచితే సహజ సంతతిపై ఒత్తిడి తగ్గుతుందన్నది ఒక వాదన. ఆస్ట్రేలియా, వియత్నాం వంటి దేశాల్లో అటువంటి పెంపకం సాగుతున్నది. అక్కడ పుట్టినవి శీతలీకరించిన మేతకు అలవాటు పడతాయి కూడా. వాదనలో సత్యం లేకపోలేదు. కాని మన చట్టపరిధిలో ఆ బాధ్యత తగిన అనుమతులు గల పరిశోధనా సంస్థలది. కొద్ది మిల్లీమీటర్ల పొడవుండే పిల్లలకు నిరంతరం సూక్ష్మ సజీవాహారం అందించడం గృహస్థునికి సాధ్యమయ్యే పని కాదు.

కనుక శిక్షణ పాఠ్యాంశాల్లో రక్షిత జాతుల పట్టికకు పెంపక పద్ధతులతో సమాన స్థానం ఉండాలి. సముద్ర చేపలు కోరేవారికి హేచరీలో పుట్టిన క్లౌన్ చేపలను సూచించవచ్చు. వాటి పునరుత్పత్తి సాంకేతికతను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ రూపొందించింది. కొనుగోలుదారు పుట్టుక ఆధారం అడిగి తీసుకొనే అలవాటు చేసుకోవాలి. విత్తన సంచిపై ధ్రువీకరణ చీటీ చూడమని రైతుకు దశాబ్దాలుగా బోధించిన విస్తరణ వ్యవస్థకు ఈ పాఠం కొత్తది కాదు. సముద్ర గుర్రాన్ని ఇంటికి తెచ్చుకోరాదని చెప్పడం నిరుత్సాహపరచడం కాదు. ఉపాధిని కోరి వచ్చినవారిని నష్టం నుండి, నేరం నుండి కాపాడడం.